దేశాభిమానం ఏ చోట దురభిమానం అవుతుంది?

ప్రశ్న
రాసినవారు: చిత్తుప్రతి

ఎనిమిదో తరగతి ఉపవాచకం కోసం నేను సున్నా చరిత్ర మీద ఒక పాఠం రాస్తున్నాను. చిత్తుప్రతిలో మొదటి వాక్యం ఇలా ఉంది: “ప్రపంచానికి లెక్కలు నేర్పినది భారతదేశమే.” రాసినప్పుడు అందులో నాకు తప్పేమీ కనబడలేదు. చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాట, పిల్లలకు ఉత్సాహం కలిగించే మాట. నాతో కలిసి పనిచేస్తున్న గణితోపాధ్యాయురాలు ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన “మరి బాబిలోనియా వాళ్లకు ఎవరు నేర్పారు?” అని రాసి తిరిగి పంపారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. సంఖ్యలో ఖాళీగా ఉన్న స్థానాన్ని చూపడానికి బాబిలోనియా (నేటి ఇరాక్ ప్రాంతం) వారు క్రీస్తుకు పూర్వమే ఒక గుర్తు వాడారు. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు మన దేశంతో గాని బాబిలోనియాతో గాని ఏ సంబంధమూ లేకుండానే సున్నాకు ఒక గుర్తు వాడారు. ఇవన్నీ తెలిసి ఉండే నేను ఆ వాక్యం రాశాను. అది తప్పని గ్రహించాక కూడా దాన్ని కొట్టివేయబోతే చేయి రాలేదు. ఏదో నా సొంత వస్తువును ఎవరో లాక్కుంటున్నట్టు అనిపించింది. ఆ అనిపించడమే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది.

సంపాదకవర్గంలోని మరొకరు, వయసులో పెద్దవారు, ఆ పెన్సిల్ గీత చూసి నొచ్చుకున్నారు. ప్రతి దేశమూ తన పాఠ్యపుస్తకాల్లో తన గొప్పలే చెప్పుకుంటూ ఉండగా మనం మాత్రం వాక్యవాక్యానికీ లెక్క అప్పజెప్పాలా, ఇలాగైతే పిల్లలకు దేశం మీద గౌరవం ఎలా పుడుతుంది అని ఆయన అడిగారు. ఇద్దరికీ దేశమంటే ప్రేమ ఉంది. ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

కాబట్టి నా సందేహం ఒక్క వాక్యానికి సంబంధించినది కాదు. దేశాన్ని ప్రేమించేవారు ఆ ప్రేమను మాటల్లో పెట్టినప్పుడు అది ఎంతవరకు ఆత్మగౌరవంగా ఉంటుంది, ఎక్కడ అహంకారంగా మారుతుంది? పొగడ్త మోతాదును బట్టి తేల్చవచ్చునా? అలాగైతే ఎంత పొగిడితే ఎక్కువైనట్టు? లేక తేడా మోతాదులో కాక మరెక్కడైనా ఉందా? ఎవరి గొప్ప వారిది అని దాటవేసే జవాబు నాకు వద్దు. పిల్లలకు దేశం మీద ప్రేమ కలగాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. ఆ ప్రేమ అబద్ధం మీద నిలబడకూడదని కూడా అంతే గట్టిగా కోరుకుంటున్నాను.

సమాధానం
రాసినవారు: పాత పుటలు

చిత్తుప్రతి గారూ, మీరు రాస్తున్న పాఠానికి దగ్గరలోనే మీ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ముగ్గురు ఉన్నారు.

మొదటివాడు ఆరో శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడు. యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినప్పటికీ ఈ శాస్త్రం వారిలో చక్కగా నెలకొని ఉన్నది కనుక వారు కూడా ఋషుల వలె పూజలందుకుంటున్నారని ఆయన జ్యోతిషం గురించి చెబుతూ అన్నాడు. మ్లేచ్ఛులన్న మాటను ఆయన విడిచిపెట్టలేదు, అంటే ఆ కాలపు చిన్నచూపు ఆయనలోనూ ఉంది. అయినా విద్య దగ్గరకు వచ్చేసరికి తల వంచాడు. సుమారు ఐదు వందల ఏళ్ల తర్వాత, 1030 ప్రాంతంలో, మధ్య ఆసియా నుంచి వచ్చిన పండితుడు అల్ బిరూనీ ఇదే దేశపు పండితుల గురించి రాస్తూ, తమ దేశం వంటి దేశం లేదనీ, తమ రాజుల వంటి రాజులు లేరనీ, తమ శాస్త్రం వంటి శాస్త్రం లేదనీ వీరు నమ్ముతారనీ, పర్షియాలో ఒక విద్వాంసుడున్నాడని చెబితే చెప్పినవాడినే అబద్ధాలకోరుగా చూస్తారనీ వాపోయాడు. వీరి పూర్వులు ఇంత సంకుచితులు కారని కూడా అక్కడే చెప్పి, అందుకు సాక్ష్యంగా వరాహమిహిరుడి ఆ మాటనే ఉదహరించాడు. ఒకే దేశం, ఒకే విద్య, రెండు కాలాలు. మధ్యలో పోయినది ప్రతిభ కాదు, పరాయివాడి దగ్గర నేర్చుకునేది ఉంటుందన్న ఎరుక.

మూడోవాడు సిరియాకు చెందిన సెవెరస్ సెబోఖ్త్ అనే బిషప్. శాస్త్రాలన్నీ గ్రీకుల సొత్తేనన్న ధోరణి చూసి విసిగిపోయిన ఆయన, భారతీయులు తొమ్మిది గుర్తులతో చేసే గణన మాటలకు అందనిదని 662లో రాశాడు. మన అంకెల గురించి విదేశీయులు రాసిన తొలి ప్రశంసల్లో ఇది ఒకటి. ఒక జాతి అతిశయాన్ని తగ్గించడానికి రాసిన ఆ ప్రశంసను తెచ్చుకొని మన అతిశయాన్ని పెంచుకోవడానికి వాడుకుంటే, ఆయన ఏ తప్పును ఎత్తిచూపాడో అదే తప్పు మనమూ చేసినట్టవుతుంది.

ఇక మోతాదు మాట. మోతాదును బట్టి తేల్చలేమని నా అభిప్రాయం, అందుకు ఒక ఓడ కథ చెబుతాను. 1628 ఆగస్టు 10న స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ కట్టించిన వాసా అనే యుద్ధనౌక స్టాక్‌హోమ్ నుంచి మొదటిసారి బయలుదేరింది. దాని మీద 64 కంచు ఫిరంగులు, ఒళ్లంతా వందలాది చెక్క శిల్పాలు ఉన్నాయి. ముందు భాగాన రోమన్ చక్రవర్తుల బొమ్మలు బారులు తీరి ఉంటే, అక్కడికి దగ్గరలోనే బల్ల కింద ముడుచుకొని కూర్చున్న పోలండ్ ప్రభువు బొమ్మ ఉంది. స్వీడన్ అప్పుడు పోలండ్‌తో యుద్ధం చేస్తున్నది. చక్రవర్తుల బొమ్మలు చెక్కించుకోవడాన్ని ఒక ఎదుగుతున్న దేశపు ఉత్సాహంగా నేను అర్థం చేసుకోగలను. ఎదుటివాణ్ని బల్ల కింద కూర్చోబెట్టిన దగ్గర ఆ ఉత్సాహం రంగు మారింది.

అయితే ఓడను ముంచినది ఆ బొమ్మ కాదు. బయలుదేరక ముందే, ఓడ నిలకడ ఎలా ఉందో చూడడానికి ముప్పై మందిని పైతట్టు మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెత్తించారు. మూడు పరుగులయ్యేసరికి ఓడ ఎంతగా ఊగిందంటే, రేవులోనే బోల్తా పడుతుందేమోనని అక్కడే ఉన్న నౌకాదళాధికారి పరీక్షను ఆపించాడు. ఆగినది పరీక్ష మాత్రమే, ప్రయాణం ఆగలేదు. రాజు దూరాన యుద్ధంలో ఉండి ఓడను త్వరగా పంపమని తొందర పెడుతున్నాడు, ఊగుతున్నదన్న మాటను ఆయన దాకా చేర్చే సాహసం ఎవరికీ లేకపోయింది. 1,300 మీటర్ల దూరం వెళ్లేసరికి ఒక గాలి విసురుకు ఓడ ఒరిగింది. తెరిచి ఉంచిన కింది వరుస ఫిరంగి కిటికీల గుండా నీళ్లు చొరబడ్డాయి. వేడుక చూడవచ్చిన జనం కళ్ల ఎదుటే ఓడ మునిగిపోయింది.

ఈ కథకు తర్వాతి భాగం కూడా ఉంది. 1961లో స్వీడన్ ఆ ఓడను నీటి అడుగు నుంచి పైకి తీసింది, 1990లో దాని కోసమే ఒక మ్యూజియం తెరిచింది. తమ రాజు పట్టుదల వల్ల, తమ అధికారుల మౌనం వల్ల మునిగిన ఓడను స్వీడన్ ప్రజలు లోకమంతటికీ చూపిస్తున్నారు, ఎందుకు మునిగిందో దాచకుండా చెబుతున్నారు. 1628లో వాళ్లకున్నదీ గర్వమే, ఇప్పుడు ఉన్నదీ గర్వమే. అప్పుడు “ఊగుతున్నది” అనడానికి వీలు లేదు, ఇప్పుడు ఉంది. మీ గణితోపాధ్యాయురాలు గీసిన పెన్సిల్ గీతను నేను ఆ ముప్పై మంది పరుగుతో పోలుస్తాను.

సమాధానం
రాసినవారు: గవ్వ

పాత పుటలు గారు చెప్పిన విషయాల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు గాని, చెప్పకుండా వదిలినది ఒకటి ఉంది. అల్ బిరూనీ ఈ దేశాన్ని చూసినది గజనీ మహమూద్ దండయాత్రల వెనుక. ఆ దాడుల వల్ల ఇక్కడి సంపద నాశనమైందనీ, ప్రజలు ధూళిరేణువుల్లా చెల్లాచెదరయ్యారనీ, అందువల్లనే వీరికి పరాయివారంటే తీరని విముఖత ఏర్పడిందనీ ఆయనే, ఆ అధ్యాయంలోనే, నిజాయితీగా ఒప్పుకున్నాడు. దెబ్బ తగిలినవాడు తలుపు వేసుకుంటే దాన్ని అహంకారమని ఒక్క మాటలో తేల్చడం నాకు న్యాయంగా తోచదు.

1835లో బ్రిటిష్ అధికారి మెకాలే సమర్పించిన విద్యా నివేదిక సంగతి చూడండి. ఒక మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని ఒక్క అర, భారతదేశపు, అరేబియా దేశపు సాహిత్యమంతటికీ సాటి వస్తుందని ఆయన అందులో రాశాడు. తనకు సంస్కృతం గాని అరబ్బీ గాని రాదని కూడా అందులోనే చెప్పాడు. చదవకుండా తీర్పు చెప్పగలగడం, ఆ తీర్పు ప్రభుత్వ విధానానికి ఆధారం కావడం, అసలైన జాతీయాహంకారమంటే ఇదీ. అలాంటి మాటలు తరతరాలుగా పడినవారు “మాకూ చరిత్ర ఉంది, మేమూ ప్రపంచానికి నేర్పాము” అని గొంతు పెంచితే, ఆ గొంతులో కొంత అతిశయోక్తి ఉన్నా దాని మూలం అహంకారం కాదు, అవమానం. నిటారుగా నిలబడడానికి ప్రయత్నిస్తున్నవాడికి వినయం బోధించే ముందు, అతణ్ని వంచినదెవరో కూడా అడగాలి. మీ సంపాదకవర్గంలోని పెద్దాయన నొప్పిని నేను ఆ దృష్టితోనే చూస్తున్నాను.

అయితే గాయం ఎప్పటికీ సమర్థనగా నిలుస్తుందని నేను అనను, ఎందుకంటే జపాన్ చరిత్ర నన్ను అలా అననివ్వదు. పాశ్చాత్య దేశాలు రుద్దిన అసమాన ఒప్పందాల కింద నలిగిన జపాన్, 1871లో తన ప్రభుత్వంలోని అగ్రనాయకులను ఇవాకురా ప్రతినిధివర్గంగా అమెరికా, యూరప్‌లకు పంపింది. కొత్తగా ఏర్పడిన ప్రభుత్వాన్ని వదిలి, దానికి మూలస్తంభాల వంటి మనుషులు దాదాపు రెండేళ్ల పాటు కర్మాగారాలు, పాఠశాలలు, పార్లమెంటులు తిరిగి చూసి నేర్చుకున్నారు. గాయపడిన ఆత్మగౌరవం అంత వినయంగా మసలుకున్న సందర్భం చరిత్రలో అరుదు. 1905లో రష్యాను ఓడించిన తర్వాత ఆ స్వరం మారుతూ వచ్చింది. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడికి వెళ్లినప్పుడు మొదట జనం నీరాజనాలు పట్టారు. యూరప్ జాతీయవాదాన్ని అనుకరించవద్దని ఆయన హెచ్చరించేసరికి, ఓడిపోయిన దేశపు కవి మాటలుగా తీసిపారేసినవారున్నారు. 1931లో మంచూరియాను ఆక్రమించుకొని, అది తప్పని నానాజాతి సమితి అన్నందుకు 1933లో సమితి నుంచే బయటకు నడిచింది. అరవై ఏళ్ల కిందట నేర్చుకోవడానికి ప్రపంచమంతా తిరిగిన దేశమే అది. ఒకప్పుడు తాను పడిన అవమానాన్నే కొరియా మీద, చైనా మీద రుద్దింది. కాబట్టి గాయాన్ని అర్థం చేసుకోమని అడుగుతున్నాను గాని, దానికి పూర్తి హక్కు రాసి ఇవ్వమని అడగడం లేదు.

సమాధానం
రాసినవారు: నిదానం

ఒక మాట మన భాష వైపు నుంచి. సంస్కృతంలో అభిమానమంటే ప్రధానంగా గర్వం, నేను అనే భావం. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట మెత్తబడింది. “మా మీద అభిమానంతో వచ్చారు” అంటే ప్రేమ, “అభిమానం చంపుకొని అడిగాను” అంటే ఆత్మగౌరవం. గర్వమన్న అర్థం కావలసినప్పుడు మనం దాని ముందు “దుర్” చేర్చి దురభిమానం అంటాం. ప్రేమ, ఆత్మగౌరవం, గర్వం మూడూ ఒకే మాటలో ఇంత దగ్గరగా ఉండడం వల్లనే, ఒకదానిలో నుంచి మరొకదానిలోకి జారినప్పుడు మనకు వెంటనే తెలియదు. చిత్తుప్రతి గారికి చేయి రాకపోవడానికి కారణం కూడా ఇదేనని నా ఊహ. కొట్టివేయవలసి వచ్చినది గర్వాన్ని, కొట్టివేస్తున్నట్టు అనిపించినది ప్రేమను.

ఈ తేడాను మనస్తత్వ శాస్త్రం కూడా పరిశీలించింది. అగ్నియెష్కా గోలెట్స్ దె జవాలా, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో రెండు రకాల మనసులను వేరు చేశారు. ఒకటి, ఈ దేశంలో ఒకరిగా ఉన్నందుకు తృప్తి పడే మనసు. రెండవది, మా దేశం అసాధారణమైనది, దానికి తగినంత గుర్తింపు లోకం ఇవ్వడం లేదు అని కుమిలిపోయే మనసు. రెండవ రకం వారే విమర్శను అవమానంగా తీసుకొని ఎదుటివారి మీద శత్రుత్వం పెంచుకుంటారని వారు గమనించారు. అంటే, మనం పొరపాటున బలమనుకునేది నిజానికి ఇతరుల మెప్పు మీద ఆధారపడి బతుకుతున్నది. ఎవరో ఒక విదేశీయుడు మనల్ని పొగిడితే పొంగిపోవడం, మరొకడు తప్పు పడితే రగిలిపోవడం ఒకే లోటుకు రెండు రూపాలు.

చిత్తుప్రతి గారు రాసిన వాక్యం వంటిది ఒక్క మన దగ్గరే పుట్టదని చెప్పడానికి మరొక అధ్యయనం. 2018లో వెలువడిన ఆ అధ్యయనంలో 35 దేశాల విద్యార్థులను, ప్రపంచ చరిత్ర నిర్మాణంలో మీ దేశం వాటా నూటికి ఎంత ఉంటుందని అడిగారు. ప్రపంచంలోని దేశాలన్నీ కలిసినా నూరు దాటకూడదు. ఈ 35 దేశాల సగటులు కూడితేనే వెయ్యి దాటింది. ఆ విద్యార్థులు అబద్ధం చెప్పాలని అలా చెప్పారని నేను అనుకోను. తమ పాఠాల్లో తమ దేశం పేరే ఎక్కువసార్లు విన్నారు కనుక దానికి ఎక్కువ వేసి ఉంటారు. పాఠం రాసేవారి బాధ్యత ఎంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది.

సమాధానం
రాసినవారు: తూర్పుగాలి

పెద్దాయన ప్రశ్నకు, అంటే తప్పులు చెబితే పిల్లలకు గౌరవం ఎలా పుడుతుందన్న దానికి, ఎవరూ నేరుగా జవాబు చెప్పలేదు కనుక నేను ప్రయత్నిస్తాను.

1970 డిసెంబరు 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ వార్సాలో నాజీలకు బలైన యూదుల స్మారకం ముందు పుష్పగుచ్ఛం ఉంచి, రిబ్బను సవరించి, వెనక్కి అడుగు వేసి, ఎవరూ ఊహించని విధంగా తడి నేల మీద మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఆయన నాజీ కాదు. 1933లోనే వారికి వ్యతిరేకంగా పనిచేసి నార్వేకు పారిపోయినవాడు. వ్యక్తిగా ఆయన క్షమాపణ చెప్పవలసినది ఏదీ లేదు. ఆయన దేశంలో దాదాపు సగం మంది అది అతి అనుకున్నారు. అయినా ఆ తర్వాతి తరాల జర్మన్లు తమ దేశాన్ని తలచుకొని తల ఎత్తుకోగలిగిన సందర్భాల్లో ఆ దృశ్యం ఒకటయింది.

దీనిలో నాకు కనిపించే న్యాయం ఇది. సున్నాతో లెక్కలకు నియమాలు రాసిన గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు మనకు 1,400 ఏళ్ల కిందటివాడు. ఆయన చేసిన లెక్కలో మన చెమట చుక్క ఒక్కటి కూడా లేదు. అయినా “మన బ్రహ్మగుప్తుడు” అంటాం, అనే హక్కు మనకు ఉంది. అయితే ఆ “మన” అనే మాట గొప్ప పని చేసినవాడి దగ్గర పలికి, తప్పు చేసినవాడి దగ్గర మూగబోతే, అది చుట్టరికం కాదు, ఆస్తి పంపకాల దగ్గర మాత్రమే కనిపించే బంధువు వరస. పిల్లలు దీన్ని పెద్దలకంటే త్వరగా పసిగడతారు. ఇంట్లో ఎన్నడూ తప్పు ఒప్పుకోని తండ్రిని పిల్లలు భయంతో గౌరవిస్తారేమో గాని, ఆయన చెప్పిన ప్రతి మాటనూ పెద్దయ్యాక అనుమానిస్తారు. ఉపవాచకం మీద కూడా ఆ అనుమానం రాకూడదు.

చిత్తుప్రతి గారి స్పందన

నలుగురికీ కృతజ్ఞతలు. గవ్వ గారు చెప్పినది చదివాక పెద్దాయనతో నేను మాట్లాడిన తీరు సరిగా లేదని తెలిసింది. ఆయన వాదనకు బదులు చెబుతూ వచ్చాను గాని, ఆ నొప్పి ఎక్కడిదో అడగలేదు. నిన్న వెళ్లి అడిగాను. చాలాసేపు మాట్లాడుకున్నాం. మొదటి వాక్యం కొట్టివేశాను. ఇప్పుడు పాఠం ఇలా మొదలవుతుంది:

“క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను కూడా ఒక సంఖ్యగా తీసుకొని, దానితో కూడిక, తీసివేత, గుణకారం ఎలా చేయాలో నియమాలు రాశాడు. ఇప్పటివరకు దొరికిన గ్రంథాల్లో అలాంటి నియమాలు మొదట కనిపించేది ఆయన గ్రంథంలోనే. ఉన్న సొమ్మును ధనమనీ, తీర్చవలసిన అప్పును ఋణమనీ ఆయన పిలిచాడు. మీ గణిత పుస్తకంలోని ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు ఆ మాటలే. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా వస్తుందని కూడా ఆయన రాశాడు. అది సరైనదేనా? మీరే చేసి చూడండి.”

బాబిలోనియా, మాయా ప్రజల సంగతి రెండో పేరాలోకి, సెవెరస్ సెబోఖ్త్ మాట మూడో పేరాలోకి వచ్చాయి. గణితోపాధ్యాయురాలు ఈసారి గీత గీయలేదు. చివరి ప్రశ్న పక్కన మాత్రం “దీనికి ఒక పూర్తి పీరియడ్ కావాలి” అని పెన్సిల్‌తో రాశారు. పెద్దాయన కాగితాన్ని రెండుసార్లు చదివి, బ్రహ్మగుప్తుడి పొరపాటును పిల్లల ముందు పెట్టడం తనకు ఇంకా కష్టంగానే ఉందన్నారు. కాసేపాగి, పెట్టదలచుకుంటే అక్కడితో ఆపవద్దనీ, పన్నెండో శతాబ్దంలో భాస్కరాచార్యుడు సున్నాతో భాగించడం గురించి మళ్లీ ఆలోచించి, అలా వచ్చే రాశికి ఖహరమని పేరు పెట్టిన సంగతి కూడా చేర్చమనీ, దాన్ని నేటి గణితం ఎందుకు అంగీకరించదో అదీ రాయమనీ చెప్పారు. ఆ పేరా ఇప్పుడు రాస్తున్నాను.